బండిని కొలిచిన జంపఖానా

షోరూముకు నేను టేపు తీసుకపోలే.
ఆరడుగుల జంపఖానా చుట్ట
ఆటోల ఏస్కొని పోయిన.
అద్దాల తలుపు కాడ వాచ్‌మన్ ఆపిండు:
"అమ్మేటోళ్లు ఎనుకకెళ్లి రావాలమ్మా."
"కొనేటోళ్లు ఎటెళ్లి రావాలె?" అన్న.

లోపల చల్లగున్నది, కొత్త రబ్బరు వాసన.
నడుమ నిలబడ్డది అది,
తడిసిన బండరాయి రంగుల.
ముందుకెళ్లి చూస్తే జీపు,
పక్కకెళ్లి చూస్తే సాగదీసిన కారు,
ఎనుకకెళ్లి చూస్తే వడ్ల గుమ్మి.
"దీన్ని క్రాసోవర్ అంటరు మేడం,"
టై కట్టుకున్న శోభన్ చెప్పిండు,
"జీపు ఎత్తు, వ్యాగన్ పొడుగు, కారు మెత్తదనం."
మా నర్సింగం నా చెవుల గొణిగిండు:
"గుర్రానికీ గాడిదకూ పుడితె కంచరగాడిద.
దానికి పిల్లలు గావు."
"బరువు మోస్తదా లేదా, అది చెప్పు" అన్న.

ఇరవై రెండేండ్ల సంది కొత్తవాడ మగ్గాల సరుకు
ఊరూరా మోస్తున్న నేను.
అడిగి తెచ్చుకున్న కారు
ఏటూరునాగారం తొవ్వల రాళ్లకు పొట్ట రాసుకున్నది.
కిరాయి జీపు రాళ్లు దాటింది గని
చుట్టలు బయటికొచ్చి, కొసలకు ఎర్రగుడ్డ కట్టుకొని
పీనుగ కాళ్ల లెక్క ఊగుకుంట పోయినయి.
బస్సు టాపు మీద ఒకపారి,
ములుగు దాటినంక వాన.
ఎరుపు పోయి తెలుపుల కలిసింది.
మంథని సేటు ముక్కు ముడిచి
నలభై జంపఖానాలు వాపసిచ్చిండు.
ఆ గులాబి రంగు ఇప్పటికీ
మా ఇంట్ల అందరం పరుచుకొని పండుకుంటం.

శోభన్ తెర మీద వేలు పెట్టి ఏదేదో చూపెడ్తాండు.
"పైన అద్దం తెరుచుకుంటది మేడం."
"వానొస్తే అదే మూసుకుంటదా?"
"మీరే మూయాలె."
"అయితె ఎనుక సీట్లు పండబెట్టు."
పండబెట్టిండు. చుట్ట లోపలికి తోసిన.
తలుపు దించితె "ధప్"మన్నది,
పన్నె కొట్టినట్టు, ఒక్కటే దెబ్బ.
ఇంక రెండు వేళ్ల సందు మిగిలింది.
అప్పుడు ధర అడిగిన.
నర్సింగం నీళ్లు అడిగిండు.

అరవై నెలల కిస్తు.
నెలకు ఎన్ని జంపఖానాలు అమ్మితె
ఒక టైరు నాదైతదో
రాత్రి పాలపాకెట్టు కాయితం మీద లెక్కేసిన.
సగంల ఆపి పండుకున్న.

తెల్లారి వాడకట్టుల బండి ఆగంగనే
పిల్లలు అద్దాలల్ల నాలుక చూసుకున్నరు.
నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు.
చిప్ప ఓదేలు తాత గోడ పట్టుకొని వచ్చిండు.
అరవై ఏండ్లు గుంటమగ్గంల కాళ్లు దించి కూసున్నోడు,
మోకాళ్లు వంగయి.
కారుల కూసుంటే లేపటానికి ఇద్దరం కావాలె,
జీపు ఎక్కియ్యటానికి ముగ్గురం.
నేను తలుపు తీసిన.
తాత ఎనుకకు తిరిగి
ఉత్తగ ఆనుకున్నడు, అంతే.
సీటు ఆయన నడుము ఎత్తుకే ఉన్నది.
ఎవ్వలం చెయ్యి పట్టలే.
ఎవ్వలం ఏం మాట్లాడలే.

కూసున్నంక ఆయన కాళ్లు
కింద తొక్కుడుచెక్కల కోసం ఎతికినయి.
ఏం దొరకలే.
"ఉత్తగ కూసునుడేనా బిడ్డా?" అన్నడు.
"గంతే తాతా."
సిగ్గుపడ్డడు.

నలభై ఆరేండ్లకు నేర్సిన డ్రైవింగు నాది.
కాజీపేట బ్రిడ్జి ఎక్కేసరికి
తాతకు కునుకు వట్టింది.
ఎడమకు తిరగాలని ఇండికేటర్ ఏసిన అనుకున్న,
వైపర్ లేచింది.
మబ్బు లేదు, చినుకు లేదు,
ఎండిన అద్దం మీద కిర్రు కిర్రుమని
అటు ఇటు, అటు ఇటు.
ఎనుక లారీవోడు హారన్ మీద హారన్.
చేతికి బందు చేసుడు దొరుకుతలేదు.
కండ్లు తెరువకుంటనే తాత అన్నడు:
"నాడె జర బిగువున్నది బిడ్డా.
నూనె సుక్క ఎయ్యి."